పడుకునే ముందు డైరీ రాస్తే నిద్ర పట్టడం లేదు. మీ ఇంట్లో రోజును ఎలా ముగిస్తారు?

కృష్ణాతీరం (విజయవాడ)
అందరికీ నమస్కారం. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్ చూస్తాను. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. భోజనాలు, బాబు హోంవర్కు అయ్యాక పదిన్నరకి పక్క ఎక్కుతాను. పడుకునే ముందు రోజంతా ఒకసారి గుర్తు చేసుకుని నాలుగు ముక్కలు రాసుకుంటే మనసు కుదుటపడుతుందని చాలామంది చెప్పగా విని ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏం బాగా జరిగింది, ఏం బాగాలేదు, ఎవరితో ఎలా మాట్లాడాను, ఇవన్నీ రాస్తాను. రాస్తున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. లైటు ఆర్పాక మొదలవుతుంది. కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన పెట్టిన గొడవ, మేనేజర్ గారు నలుగురిలో అన్న మాట, దానికి నేను చెప్పాల్సిన జవాబు, ఇవే తిరిగి తిరిగి వస్తాయి. పన్నెండు దాటినా కన్ను మూతపడదు.

అలాగని రాయడం మానేయాలని లేదు. ఏ రోజు ఏం చేశానో కూడా గుర్తులేకుండా సంవత్సరాలు గడిచిపోవడం నాకు ఇష్టం లేదు. రాసుకోవడమూ ఉండాలి, నిద్రా పట్టాలి. మీరు ఎలా చేస్తున్నారో చెప్పండి.

అరకుకాఫీ (విశాఖపట్నం)
ఫోన్ వేరే గదిలో పెట్టండి, గోరువెచ్చని పాలు తాగండి, పది నిమిషాలు శవాసనం వేయండి. నాకు ఇంతే. డైరీ జోలికి నేను పోలేదు కాబట్టి దాని గురించి చెప్పలేను.

క్లినిక్_కబుర్లు (హైదరాబాద్)
కృష్ణాతీరం గారూ, నేను క్లినికల్ సైకాలజీలో పనిచేస్తాను. మీరు అడిగినదానికి దగ్గరగా ఒక మంచి ప్రయోగం ఉంది. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు చేశారు, 2018లో అచ్చయింది. 57 మంది యువకులను, యువతులను స్లీప్ ల్యాబ్‌లో పడుకోబెట్టారు. లైట్లు తీసే ముందు సగం మంది ఐదు నిమిషాల పాటు రేపు, ఎల్లుండి చేయాల్సిన పనులు రాశారు. మిగతా సగం ఆ రోజూ, అంతకు ముందూ పూర్తి చేసిన పనులు రాశారు. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి కొలిచారు కాబట్టి ‘నాకు తొందరగా పట్టినట్టుంది’ అనే అంచనా మీద ఆధారపడలేదు. రేపటి పనులు రాసినవాళ్లకు సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టింది. అందులోనూ ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది.

ఇది ఆరోగ్యంగా ఉన్న వాళ్ల మీద, ఒక్క రాత్రి చేసిన పని. దీన్ని పట్టుకుని ఇదే మందు అనను. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. ‘ఆ ఫైల్ సంగతి చూడాలి’ అని రాస్తే ఆ ఫైల్ తలలోనే ఉంటుంది. ‘రేపు పదకొండు గంటలకి ఆ ఫైల్‌లో ఇన్‌కమ్ ప్రూఫ్ లేదని పార్టీకి ఫోన్ చేయాలి’ అని రాస్తే తల దాన్ని వదిలేస్తుంది. మీరు రాస్తున్నది మాత్రం మంచీ చెడుల తీర్పు. తీర్పు రాస్తే వాదన మొదలవుతుంది, అదీ సరిగ్గా లైటు ఆర్పే ముందు.

నరసరావుపేట_కొట్టు (నరసరావుపేట)
మాది కిరాణా కొట్టు. నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆయన రాత్రి కొట్టు మూసే పద్ధతి చెబుతాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించేవారు. గల్లాపెట్టెలో డబ్బు గోనెపట్టా మీద పోసి నోట్లన్నీ ఒకే వైపు తిప్పి, ఐదొందలవి, వందలవి, యాభైలవి విడివిడిగా కట్టలు కట్టేవారు. చిల్లర ఆఖర్న. అరువు ఇచ్చినవి ఖాతా పుస్తకంలో ఎక్కించేవారు. లెక్క తేలకపోతే ఎంత తక్కువ వచ్చిందో ఎర్ర ఇంకుతో రాసి దాని కింద అడ్డంగా గీత గీసేవారు. గీత పడిందంటే ఆ రోజు అయిపోయినట్టే. పుస్తకం కొట్లోనే ఉండేది, ఇంటికి తెచ్చేవారు కాదు. అన్నం తింటుండగా అమ్మ ఎవరి బాకీ గురించైనా అడిగితే ‘పొద్దున కొట్లో చూద్దాం’ అనేవారు. తొమ్మిదిన్నరకి లెక్క తేడా వచ్చిన మనిషి పదింటికి గుర్రు పెట్టి నిద్రపోయేవారు. ఇప్పుడు యూపీఐ వచ్చి సగం లెక్క ఫోన్లో ఉంటోంది, ఫోనేమో మనతోపాటు పక్క మీదకి వస్తోంది. అందుకే నేను ఆ లెక్క కూడా కొట్లోనే చూసి కాగితం మీద ఎక్కించి వస్తాను.

సార్, మీరు ఆ నోట్‌బుక్ ఎక్కడ కూర్చుని రాస్తున్నారు?

కృష్ణాతీరం (విజయవాడ)
మంచం మీదే అండీ. దిండుకు ఆనుకుని, బెడ్ ల్యాంప్ వేసుకుని. నోట్‌బుక్ దిండు కిందే ఉంటుంది.

క్లినిక్_కబుర్లు (హైదరాబాద్)
కొట్టు గారు సరైన చోట పట్టుకున్నారు. రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్టు 1972లోనే ఈ విషయం మీద చికిత్స ప్రతిపాదించారు. మంచం మీద ఆలోచనలు, లెక్కలు, ఫోను, టీవీ, భోజనం అలవాటైతే పక్క ఎక్కగానే మెదడు వాటికి సిద్ధమవుతుంది. సోఫాలో కునుకు తీసిన మనిషికి మంచం ఎక్కగానే మెలకువ వచ్చేయడం ఇందుకే. మంచం నిద్రకు మాత్రమే ఉండాలి. నిద్ర పట్టక చిరాకు మొదలైందంటే, గడియారం చూడకుండా, ఇరవై నిమిషాలు అయి ఉంటుందనిపించినప్పుడు లేచి వేరే గదిలో తక్కువ వెలుతురులో కూర్చోవాలి. కళ్లు బరువెక్కాకే తిరిగి రావాలి. మొదటి వారం కష్టంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)
మా దాదీమా చేసేది చెప్పాలనిపించింది. ఇషా, అంటే రాత్రి నమాజు అయ్యాక ఆవిడ ఎవరితోనూ కబుర్లు పెట్టుకోదు. వుజూ చేసుకుని, అంటే ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, పక్కను ఓణీ కొంగుతో మూడుసార్లు దులుపుతుంది. కుడివైపుకు తిరిగి ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుతుంది. తర్వాత కూర్చుని రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు చదివి, చేతుల్లో ఊది, తల మీది నుంచి మొదలుపెట్టి ముఖం, ఒళ్లు తుడుచుకుంటుంది. ఇలా మూడుసార్లు. చిన్నప్పుడు మా చెల్లికీ నాకూ కూడా అలాగే తుడిచేది, ఆ చేతులకు వెల్లుల్లి వాసన వచ్చేది. ఆ తర్వాత వేళ్ల కణుపుల మీద సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34. చాలాసార్లు వంద పూర్తయ్యేలోపే నిద్రపోయేది.

ఇప్పుడు నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఎగ్జామ్ డ్యూటీల టెన్షన్‌లో ఉన్నప్పుడు కూడా ఈ క్రమం తప్పను. నాకు అర్థమైనంతవరకు దీనిలో బలం ఏమిటంటే కొత్తగా ఆలోచించి తేల్చుకోవాల్సింది ఏదీ లేదు. తర్వాత ఏం చేయాలో చేతులకు తెలుసు. డైరీలో తెల్ల కాగితం ఎదురుగా ఉంటుంది, ఏం రాయాలో మళ్లీ వెతుక్కోవాలి.

గుంటూరు_కోయిర్ (గుంటూరు)
మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక కీర్తన, నాన్న ప్రార్థన, అంతే. పిల్లలు ఉంటే పావుగంటకు మించదు. నాలుగో కీర్తన చివర నెమ్మదిగా పండుకొని నిద్రపోవడం గురించే ఉంటుంది, నాన్న ఎక్కువగా అదే తీస్తారు.

క్లినిక్ గారితో ఒక విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. రోజులో చేసిన తప్పులు తలచుకోవడం రాత్రి కూడదన్నట్టు రాశారు. నేను మాత్రం రాత్రే తలచుకుంటాను, దేవుడి ముందు ఒప్పుకుంటాను, ఒప్పుకున్నాక నిజంగానే తేలికవుతుంది. ఒప్పుకోకుండా పడుకుంటేనే నాకు నిద్ర పట్టదు. కాకపోతే మనుషులతో తేల్చుకోవాల్సిన కోపాలు మాత్రం రాత్రికి ఉంచను. సూర్యుడు అస్తమించేలోగా కోపం వదలమని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది. రాత్రి పదింటికి భార్యాభర్తలు మొదలుపెట్టే సర్దుబాటు మాటలు ఎటు పోతాయో అందరికీ తెలుసు. అవి ఏడింటికి, భోజనానికి ముందే అయిపోవాలి.

క్లినిక్_కబుర్లు (హైదరాబాద్)
మీరన్నది ఒప్పుకుంటాను. నేను ఇంకాస్త జాగ్రత్తగా రాయాల్సింది. మీ ప్రార్థనలో తప్పు ఒకరి చేతిలో పెట్టేస్తున్నారు, ‘ఆమేన్’తో ముగుస్తోంది. కృష్ణాతీరం గారి నోట్‌బుక్‌లో ఆ మాట తీసుకునేవారు ఎవరూ లేరు. రాసింది ఆయనే, చదివేదీ ఆయనే, జవాబు వెతికేదీ ఆయనే. దేవుడి మీద నమ్మకం లేనివాళ్లు కూడా ఇలా ముగించే మార్గం ఏదో ఒకటి చూసుకోవాలి.

మాస్టారు_రాజమండ్రి (రాజమహేంద్రవరం)
పిల్లలూ, రిటైరైన తెలుగు మాస్టారిని. మీ చర్చ చదివాక నాకు తిరుమల గుర్తొచ్చింది.

తిరుమలలో పొద్దున తోమాల సేవ తర్వాత కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని సింహాసనం మీద వేంచేపు చేసి, ఆ రోజు తిథి, వార, నక్షత్రాలతో పంచాంగం వినిపిస్తారు. ముందురోజు హుండీ ఆదాయం ఎంత వచ్చిందో లెక్క చదివి వినిపిస్తారు. అంటే నిన్నటి జమాఖర్చు స్వామి వినేది పొద్దున, కొలువులో. రాత్రి ఆఖరున ఏకాంత సేవ. భోగ శ్రీనివాసమూర్తిని ఊయల మంచం మీద పవళింపజేసి పాలు నివేదిస్తారు, తాళ్లపాక వంశీకులు లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. ఆ వేళ లెక్కల ప్రసక్తే లేదు. లెక్కలు వినే వేళ వేరు, లాలి వినే వేళ వేరు. ఈ ఏర్పాటు పెద్దలు ఏ ఉద్దేశంతో చేశారో నేను చెప్పబోను, గృహస్థుకు మాత్రం ఇది చాలా పనికొచ్చే క్రమం.

మా ఇంట్లో పడుకునే ముందు ‘రామస్కందం హనూమంతం’ అని పిల్లల చేత చెప్పించేవాళ్లం, పీడకలలు రావని. పెద్దవాళ్లు ‘కరచరణకృతం వా’ అనుకునేవారు. చేతులతో, కాళ్లతో, మాటతో, చెవితో, కంటితో, మనసుతో తెలిసీ తెలియక చేసిన అపరాధాలన్నీ క్షమించమని శివుణ్ణి అడిగే శ్లోకం. గమనించారా, అందులో ఫలానా తప్పు, ఫలానా రోజు అని వివరాలేమీ ఉండవు. అన్నీ కలిపి ఒక్కసారే అప్పగించేయడం. వివరంగా తవ్వుకోవాల్సింది ఉంటే పొద్దున తవ్వుకోవచ్చు.

నా ఇబ్బంది వేరు. ఎనిమిదిన్నరకే పడుకుంటాను, మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. తర్వాత పట్టదు. దీనికేమైనా ఉందా అమ్మా?

క్లినిక్_కబుర్లు (హైదరాబాద్)
మాస్టారూ, కొలువు సంగతి ఈ కోణంలో నాకు తట్టలేదు, ధన్యవాదాలు.

మీ విషయానికి వస్తే, ఎనిమిదిన్నర నుంచి మూడు వరకు అంటే ఆరున్నర గంటలు. మీ వయసుకు అది మరీ తక్కువేమీ కాదు. నిద్ర చాలక కాదు, తొందరగా మొదలవడం వల్ల తొందరగా ముగుస్తోంది. పడుకునే వేళను ఒకేసారి కాకుండా వారానికి పావుగంట, అరగంట చొప్పున పదింటి దాకా జరపండి. సాయంత్రం వెలుతురు ఉన్నప్పుడే గోదావరి గట్టు మీద నడవండి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి. రాత్రి గట్టిగా గురక, ఊపిరి ఆగి లేచినట్టు అనిపించడం, మాటిమాటికీ మూత్రానికి లేవడం ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి, వాటికి ఈ చిట్కాలు సరిపోవు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి (హైదరాబాద్)
అన్నా, మీరంతా పదింటికి పడుకునేవాళ్లు. మా క్లయింట్ అమెరికా పశ్చిమ తీరంలో ఉంటాడు. వాళ్ల పొద్దున తొమ్మిది అంటే మాకు రాత్రి తొమ్మిదిన్నర. నవంబర్‌లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పితే అది పదిన్నర అవుతుంది. కాల్ అయ్యాక మెయిల్స్, అంతా కలిపి పన్నెండు. స్క్రీన్ మూసేసిన ఐదు నిమిషాలకి పక్క మీద ఉంటాను, కానీ ఒంట్లో ఆ కాల్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. నాలాంటి వాళ్లకి ఏ కొలువు, ఏ లాలి?

క్లినిక్_కబుర్లు (హైదరాబాద్)
తమ్ముడూ, అందరికంటే నీకే ఇది ఎక్కువ అవసరం. లాప్‌టాప్ మూయగానే పడుకోవద్దు. కనీసం ముప్పావుగంట నీకోసం మిగలాలి, అది పన్నెండు నుంచి పన్నెండు ముప్పావు అయినా సరే. పొద్దున లేచే వేళ దానికి తగ్గట్టు జరుపుకో, కానీ రోజూ ఒకే వేళకి లే.

స్నానం గురించి ఒక సంగతి. టెక్సాస్ యూనివర్సిటీ వాళ్లు పాత పరిశోధనలన్నీ కలిపి 2019లో తేల్చింది ఏమిటంటే, 40 నుంచి 42.5 డిగ్రీల వేడినీళ్లతో, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు స్నానం చేస్తే నిద్ర త్వరగా పడుతుంది. పది నిమిషాల స్నానం చాలు. వేడినీళ్లకి అరచేతులకూ పాదాలకూ రక్తం ఎక్కువగా చేరి, ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది. లోపలి వేడి తగ్గడమే నిద్రకు సిగ్నల్. అందుకే మంచం ఎక్కే ముందు కాదు, కాల్ అయ్యాక మెయిల్స్ మొదలుపెట్టే ముందు చెయ్యి.

కాఫీ ఎన్నింటికి తాగుతున్నావు? 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గింది. అది పెద్ద మోతాదే, ఒక్క కప్పు కాదు. కానీ కాల్స్ మధ్యలో రెండేసి కప్పులు తాగితే నువ్వు ఆ దరిదాపుల్లోకి వెళ్తావు.

మెట్‌పల్లి_అమ్మ (మెట్‌పల్లి)
మాకు చిన్నపిల్లలు ఇద్దరు. వాళ్లని పడుకోబెట్టేసరికే నా పని అయిపోతది, ఇంక నాకంటూ ముప్పావుగంట ఎక్కడిది? అందుకని నేను అన్నం తినేటప్పుడే పిల్లలతోని ఒక మాట పెట్టుకున్న. ఇయ్యాల ఎవరు నీకు మంచిగ చేసిన్రు, నువ్వు ఎవరికి మంచిగ చేసినవ్ అని ఒక్కొక్కరం చెప్పుకుంటం. పెద్దోడు మొన్న బడిలో నీళ్ల సీసా పంచుకున్న పిల్లగాని గురించి చెప్పిండు, ఆ పేరు నేను అంతకుముందు వినలేదు. మా ఆయన కూడా చెప్తడు. కంచాలు కడిగేసరికి రోజు ముచ్చట ఐపోతది. పక్క మీద కథ ఒక్కటే, అదీ రోజూ అదే తాబేలు కథ.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)
అక్కా, అన్నం దగ్గర ఆ ప్రశ్న చాలా నచ్చింది. మా హాస్టల్ పిల్లలకి చెబుతాను.

డల్లాస్_తెలుగమ్మాయి (డల్లాస్)
నేను రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే వేసవిలో ఇండియాలో పొద్దున ఎనిమిదికి, అమ్మకు ఫోన్ చేసేదాన్ని. అమ్మ అప్పుడే కాఫీ తాగి మంచి హుషారుగా ఉండేది. నాన్న షుగర్ రిపోర్టు, పొలం తగాదా, పిన్ని కూతురి పెళ్లి సంబంధం, అన్నీ ఒకేసారి. ఫోన్ పెట్టేశాక వేల మైళ్ల దూరం నుంచి ఏం చేయగలనా అని ఒకటే ఆలోచన. ఇప్పుడు ఆ కాల్ నా పొద్దున ఏడింటికి మార్చాను. అమ్మకు సాయంత్రం ఐదున్నర, ఆవిడ పనులన్నీ అయిపోయి ఉంటాయి. మాట్లాడాక నేను ఏదైనా చేయాలన్నా ఎదురుగా రోజంతా ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి మిగతా అన్ని చిట్కాలకంటే ఇది ముందు చూసుకోమని చెబుతాను.

ఒక సందేహం. నేను ఫోన్‌లో తక్కువ సౌండ్‌తో ప్రవచనం పెట్టుకుని నిద్రపోతాను. ఫోన్ కూడదంటారు కదా, ఇది కూడా మానాలా?

క్లినిక్_కబుర్లు (హైదరాబాద్)
మానక్కర్లేదు. టైమర్ పెట్టి, స్క్రీన్ బోర్లా పెట్టండి. స్క్రీన్ వెలుతురు గురించి అందరూ చెప్పే బోస్టన్ ప్రయోగంలో, 2014 చివర్లో వచ్చింది, నిద్రకు ముందు నాలుగేసి గంటలు స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెట్టి ఈ-బుక్ చదివించారు. ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గిన మాట నిజమే, కానీ నిద్ర పట్టడంలో తేడా సుమారు పది నిమిషాలే. నా అభిప్రాయంలో వెలుతురుకంటే ఫోన్‌లో వచ్చే విషయమే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆఫీస్ గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు. ప్రవచనం మిమ్మల్ని ఏ జవాబూ అడగదు.

ఇంకొకటి, ఇది అందరికీ. వారంలో మూడు రాత్రులో అంతకంటే ఎక్కువో, మూడు నెలలకు పైగా నిద్ర పట్టకపోతే దాన్ని అలవాట్లతో సరిదిద్దుకుందాం అని కూర్చోవద్దు. నిద్రలేమికి ప్రత్యేకించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స ఉంది. దీర్ఘకాల నిద్రలేమికి మందులకంటే ముందు దాన్నే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు. నిద్రతోపాటు దిగులు, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కృష్ణాతీరం (విజయవాడ)
అందరూ ఇంత ఓపిగ్గా రాశారు. మార్చుకున్నవి చెబుతాను.

నోట్‌బుక్ ఇప్పుడు హాల్లో టీవీ స్టాండ్ అరలో ఉంటోంది. ఇంటికి రాగానే, స్నానానికి ముందే, కుర్చీలో కూర్చుని ఆ రోజు సంగతులు రాసేస్తున్నాను. నరసరావుపేట వారిలా చివర గీత గీస్తున్నాను. భోజనాలయ్యాక రేపటి పనులు ఒక చిన్న కాగితం మీద, వేళతో సహా. అది పొద్దున జేబులో పెట్టుకుంటాను. మెట్‌పల్లి అమ్మగారి ప్రశ్న మా బాబును అడిగాను. మొదటిరోజు ‘ఏమో’ అన్నాడు. ఇప్పుడు అన్నం ముందు కూర్చోగానే వాడే నన్ను అడుగుతున్నాడు. పక్క మీద ‘కరచరణకృతం’ ఒక్కటే. అమ్మ చెప్పేది చిన్నప్పుడు, మాస్టారు గారు రాశాక మొత్తం గుర్తొచ్చింది.

అన్ని రాత్రులూ ఒకేలా లేవు. నెలాఖరులో ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడు మళ్లీ ఒంటిగంట అయింది. కానీ మిగతా రోజుల్లో పదకొండుకల్లా నిద్రపోతున్నాను. ఒక్కటే మిగిలింది. పడుకున్నాక ఏదో మర్చిపోయిన పని గుర్తొస్తే ఏం చేయాలి? లేచి రాయనా, వదిలేయనా?

నరసరావుపేట_కొట్టు (నరసరావుపేట)
లేచి రాసేయండి సార్, హాల్లోకి వెళ్లి. రెండు ముక్కలు, అంతే. వదిలేద్దాం అనుకుంటే అది మిమ్మల్ని వదలదు.

మాస్టారు_రాజమండ్రి (రాజమహేంద్రవరం)
నేను తొమ్మిదింబావు దాకా వచ్చాను. మెలకువ ఇప్పుడు మూడున్నర, నాలుగు మధ్య. గట్టు మీద సాయంత్రం నడకకు తోడు కూడా దొరికారు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి (హైదరాబాద్)
మేడమ్, స్నానం మెయిల్స్‌కి ముందుకి మార్చాను, సాయంత్రం ఆరు తర్వాత కాఫీ ఆపేశాను. మెయిల్స్ అయ్యాక రేపటి పనులు రాసి, బాల్కనీలో కూర్చుంటున్నాను. నవంబర్ మొదటి ఆదివారం తర్వాత కాల్ పదిన్నరకి జరిగితే ఇవన్నీ గంట వెనక్కి జరపాలా?

క్లినిక్_కబుర్లు (హైదరాబాద్)
జరుపు, కానీ ఆ సోమవారం ఒక్కసారే కాదు. ముందు వారం నుంచే లేచే వేళను రోజుకి పదిహేను నిమిషాలు ఆలస్యం చేస్తూ రా. కాఫీ గీత మాత్రం ఆరు దగ్గరే ఉంచు. పొద్దున లేవగానే ఎండలో పది నిమిషాలు నిలబడటం మర్చిపోకు.